రేపోమాపో వస్తాది

గిద్దలూరు బజారులో నాగేశ్వర్లు శెట్టి దుకాణం తెలియనివాళ్లు తక్కువ. శెట్టి పోయి చాలా కాలమైనా బోర్డు మీద ఆయన పేరే ఉంది. గల్లాపెట్టె వెనక మాత్రం ఆయన కొడుకు ఫణికృష్ణ కూర్చుంటాడు. ఆ దుకాణానికి ఒక కట్టుబాటు ఉంది. కొనడానికి వచ్చిన మనిషితో ‘లేదు’ అనకూడదు. లేదన్న నోటి దగ్గర లక్ష్మి నిలవదని శెట్టి నమ్మకం. చింతపండు నిండుకుంటే ‘రేపొస్తాదమ్మా’ అనాలి. దుకాణంలో ఎన్నడూ పెట్టని, పెట్టబోని సరుకు ఎవరైనా అడిగితే ‘రేపోమాపో వస్తాది’ అనాలి. రేపు అంటే నిజంగానే రేపు. రేపోమాపో అంటే ఈ జన్మకు రాదని. ఆ తేడా బేరానికి వచ్చినవాళ్లకు తెలియదు, ఆ ఇంట్లో పుట్టినవాళ్లకే తెలుసు.

ఫణికృష్ణకు ఈ విద్య నేర్పింది తండ్రి కాదు, అక్క కన్యకాపరమేశ్వరి. తల్లి చిన్నతనంలోనే పోవడంతో వాణ్ణి చంకనెత్తుకుని పెంచింది ఆమే. మధ్యాహ్నం తండ్రి అన్నానికి లేస్తే గల్లా దగ్గర ఆమే కూర్చునేది, తమ్ముణ్ణి పక్కనే కందిపప్పు బస్తా మీద కూర్చోబెట్టుకునేది. తర్వాత ఆమెను హనుమంతునిపాడులో రామయ్యకిచ్చి పెళ్లి చేశారు. అక్కడ వాళ్లదీ చిన్న చిల్లర దుకాణమే. రామయ్య మంచివాడే గానీ, గల్లా వదిలిపెట్టి పక్క వీధికి కూడా కదలని మనిషి.

దుకాణంలో లేదనకుండా బతకొచ్చు. బండి కొన్నాక లేదనకుండా ఎట్లా బతకాలో మాత్రం శెట్టి కొడుక్కి చెప్పి పోలేదు.

నిరుడు ఫణికృష్ణ పెద్ద బండి కొన్నాడు. ఏడుగురు సుఖంగా కూర్చోగల ఎస్‌యూవీ. అమ్మవారిశాల ముందు పూజ చేయించి, నాలుగు టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి, అక్కను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని ఇంటిదాకా తెచ్చాడు. ‘ఇంకమీదట నువ్వు బస్సెక్కే పని లేదక్కా, యాడికి పోవాలన్నా ఒక్క ఫోన్ కొట్టు’ అన్నాడు. ఆ మాట అన్నప్పుడు మనసారా అన్నాడు. అందులో అనుమానం లేదు.

కానీ ఆ మాట అక్క ఒక్కదానితోనే అన్నా, ఊరంతా తమతోనే అన్నట్టు పాటించింది. కంభంలో పెళ్లిచూపులుంటే ఫణి బండి. మహానందికి పోవాలంటే ఫణి బండి. ఎవరో మేనత్త తోడికోడలి బిడ్డకు నంద్యాలలో పరీక్ష ఉంటే, ఆ బిడ్డకూ, తోడుపోయే ముగ్గురు పెద్దలకూ ఫణి బండి. డ్రైవరుకిచ్చి పంపాలంటే కొత్త బండి మీద మమకారం, కాదనాలంటే నోరు రాదు. అందుకని బండితో పాటు తనూ పోయేవాడు. పొద్దుటినుంచి చీకటి పడేదాకా దుకాణంలో నిలబడి నిలబడి కాళ్లు లాగుతుంటే, మనిషికి మిగిలేది ఆదివారం పూట. అది కూడా ఎవరో ఒకరి గుడి మెట్ల కింద చెప్పులకు కాపలా కాస్తూ గడిచిపోయేది.

“మొహమాటానికి పోతే కడుపొచ్చిందంట, అట్లుంది నీ కత,” అనేది భార్య సింధు. “బండి కొన్నది నువ్వు, తిరిగేది ఊరు. రానని ఒక్క మాట అంటే నోటి ముత్యాలు రాల్తాయా?”

రాలవు. ఆ సంగతి అతనికీ తెలుసు. అయినా ఎదుటి మనిషి ‘బావా’ అనో ‘చిన్నాయనా’ అనో నోరు తెరవగానే, ఇతని నోరు తనంతట తనే ‘దాందేముంది, పోదాంలే’ అనేది. అదేం రోగమో. రాత్రి మంచమెక్కాక తనను తానే తిట్టుకునేవాడు. తెల్లారితే మళ్లీ మామూలే.

ఆ రోజుల్లోనే అక్క ఒకసారి ఫోన్ చేసింది. కుడికన్ను మసకగా ఉంటోందనీ, గడపలు తగులుతున్నాయనీ, శుక్లమేమో అనీ చెప్పింది. “తొందరేం లేదులేరా. ముదిరినాక తీయాలంటారు గదా. నీకు వీలున్నప్పుడు మార్కాపురం పోయొద్దాం,” అంది. వచ్చే ఆదివారమే పోదామన్నాడు ఫణికృష్ణ. ఆ ఆదివారం సింధు పెదనాన్న కొడుకు ప్రకాష్ కుటుంబంతో సహా అహోబిలం బయలుదేరాడు. ఆ పై ఆదివారం ఎవరిదో సీమంతం. శుక్లమే గదా, ముదరనీ అని అతనూ అనుకున్నాడు. మన వైపు శుక్లాన్ని మామిడికాయను చూసినట్టు చూస్తారు. పండేదాకా ఎవరూ ముట్టుకోరు.

ఇట్లా ఉండగా ఒకనాడు రాచర్ల అవతల ఏదో పల్లెకు చావు పరామర్శకు పోయొచ్చాడు. గొర్రెలు తిరిగే దారి, దారి పొడుగునా కంపచెట్లు. మర్నాడు బండి తీస్తే స్టీరింగు ముందు పసుప్పచ్చ లైటు వెలిగింది. అడుగు చదునుగా ఉన్న చిన్న కుండ బొమ్మ, మధ్యలో ఒక గీత, గీత కింద చుక్క. ఏదో ఒక టైరులో గాలి తగ్గిందని దాని అర్థం. అప్పటికే ప్రకాష్ వెనక సీట్లో సంచులు సర్దుతున్నాడు. ఒంగోలు దాకా పోవాలట. ముందుకు వంగి ఆ లైటు చూశాడు.

అదేందని అడిగితే టైరు సంగతి చెప్పాడు ఫణికృష్ణ. ప్రకాష్ మొహం మారింది. పిల్లలతో పోతూ దారిలో టైరు పేలితే ఏం గతి అన్నాడు. గాలి కొట్టించుకుని పోదామంటే కూడా వద్దు బావా, లైటు చూసినాక నాకు మనసు రాదు అని తనే సంచులు దించుకుని బస్టాండుకు ఆటో మాట్లాడుకున్నాడు. కోపం లేదు, నిష్ఠూరం లేదు. పైగా బండి జాగ్రత్త బావా అని చెప్పి మరీ పోయాడు.

ఫణికృష్ణ చాలాసేపు ఆ లైటు వంకే చూస్తూ కూర్చున్నాడు. తన నోరు జన్మలో అనలేని మాటను ఆ పసుప్పచ్చ చుక్క అనేసింది. ఆ రోజు మధ్యాహ్నం అన్నం తిని, ఫ్యాను కింద చాప వేసుకుని నిద్రపోయాడు. అంత నిద్ర పోయి ఎన్నాళ్లయిందో అతనికే గుర్తు లేదు.

రెండో రోజు మార్కాపురం రోడ్డులో సామ్యేలు పంచరు దుకాణానికి పోయి ముల్లు తీయించాడు, గాలి పట్టించాడు. లైటు ఆరిపోయింది. ఇంటికొచ్చి బండి నిలబెట్టి దిగాడు, మళ్లీ ఆగాడు. అటూ ఇటూ చూశాడు. ముల్లు తీయించిన వెనక టైరు దగ్గరే గొంతుక్కూర్చుని, గాలి పట్టే చోట మూత విప్పి, దుకాణం తాళంచెవి మొనతో లోపలి పిన్ను నొక్కి పట్టుకున్నాడు. బుస్సుమని గాలి పోతుంటే ప్రాణం లేచొచ్చినట్టయింది. లైటు వెలిగేంత మటుకే తీశాడు. దొంగపనికి కూడా ఒక లెక్క ఉంటుంది.

అప్పటినుంచి అడిగినవాళ్లందరికీ ఒకటే జవాబు. టైరులో ఉండే యంత్రం చెడిపోయింది, దాని పార్టు మద్రాసు నుంచి రావాల, రేపోమాపో వస్తాది. నమ్మనివాళ్లను బండి దగ్గరికి తీసుకుపోయి తాళం తిప్పి లైటు చూపించేవాడు. అందరూ నమ్మారు. కంపెనీవాళ్లను తిట్టారు, అతన్ని ఓదార్చారు. సింధు మాత్రం ఒకరోజు కళ్లెగరేసి, ‘అబద్ధానికి ఇంత కష్టపడే బదులు నిజం చెప్పి పడుకోవచ్చు గదా’ అంది. అంది గానీ ఆదివారం మొగుడు ఇంట్లో ఉంటున్నాడని ఆమెకూ సంతోషమే, ఇంకేం అనలేదు.

అక్క విషయం మనసులో లేకపోలేదు. అక్కకైతే గాలి కొట్టించుకుని పోవాలి, అది వేరే లెక్క అనుకున్నాడు. కానీ అక్కకు నిజం చెప్పాలంటే సిగ్గేసింది. ఆమెకు చెప్పుకుని ఈ పని చేసేంత మొహం అతనికి లేదు.

ఒక సాయంత్రం ఆమే ఫోన్ చేసింది. దుకాణంలో ప్రకాష్ ఎదురుగా స్టూలు మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. “బండికేమో అయిందంట గదరా, బాగయిందా?” అంది అక్క. ప్రకాష్ ఒలవడం ఆపి చెవి ఇటు వేశాడు. ఫణికృష్ణ నోరు అలవాటు ప్రకారం తిరిగింది. పార్టు రావాలక్కా, రేపోమాపో వస్తాది అన్నాడు.

అక్క ఇంకేం అడగలేదు. సరేలేరా, ఒళ్లు జాగ్రత్త అని పెట్టేసింది. రాత్రికి మళ్లీ చేసి అసలు సంగతి చెబుదామనుకున్నాడు. ఆ రాత్రి సరుకు లారీ వచ్చింది. బస్తాలు దించుకునేసరికి నడుం పడిపోయింది. మర్నాడు మరచిపోయాడు. మరచిపోయాడు అనడం కూడా మర్యాద మాటే. గుర్తొచ్చింది, ఓపిక లేక పక్కన పెట్టాడు. ఎండలు పోయి వానలు వచ్చాయి, వానలూ వెళ్లాయి. అక్క పండక్కి మాట్లాడింది, పిల్లల్ని అడిగింది, కంటి ఊసు మాత్రం ఎత్తలేదు. తగ్గిందేమో అనుకున్నాడు అతను. అనుకోవడానికి ఖర్చేముంది.

మొన్న సోమవారం బేరాల వేళ ఫోన్ మోగింది. అక్క.

మార్కాపురంలో కంటాసుపత్రి దగ్గరున్నాననీ, తెల్లవారే రెండు బస్సులు మారి వచ్చాననీ, డాక్టరు పరీక్షలన్నీ చేసి ఇంటి మనిషిని పిలిపించమన్నాడనీ చెప్పింది. గొంతులో ఏ తొట్రుపాటూ లేదు. “మీ బావ సంగతి నీకు తెల్సు గదా. నీకు కుదిరితే రారా. రైలుంటాది చూడు. బండి తీయాల్సిన పని లేదు,” అంది.

ఫణికృష్ణ గల్లాపెట్టె సింధుకు అప్పగించి బండి తీశాడు. లైటు వెలుగుతూనే ఉంది. అక్క ఎక్కేసరికి ఆ లైటు కనపడకూడదు. అదొక్కటే పట్టుకుంది అతని బుర్రను. నేరుగా పోవాల్సినవాడు సామ్యేలు దగ్గర ఆపాడు. అక్కడ ముందే రెండు ఆటోలున్నాయి. వాటి పని అయ్యేదాకా కాళ్లు నేలకు ఆనకుండా నిలబడ్డాడు. సామ్యేలు టైరు చూసి, మళ్లీ ఈ ఒక్కదాంట్లోనే ఎందుకు తగ్గిందో అర్థం కావడంలేదన్నా అన్నాడు. సబ్బునీళ్లు పోసి వెతికాడు, బుడగ రాలేదు. తక్కువ గాలితో తిరిగీ తిరిగీ టైరు రెండంచులూ అరిగిపోయాయని చూపించాడు. ఫణికృష్ణ ఊఁ కొట్టి, గాలి నింపించుకుని బండెక్కాడు. కొంత దూరం పోయాక లైటు ఆరింది. దానికేం, చెప్పినట్టు విన్నది.

ఆసుపత్రి వరండాలో అక్క బల్ల మీద కూర్చుని ఉంది. ఒళ్లో గుడ్డసంచి, చేతిలో సగం తాగిన నీళ్లసీసా. ఫణికృష్ణ కుడిపక్క నుంచి వచ్చి ఎదుట నిలబడేదాకా ఆమె అతన్ని చూడలేదు.

డాక్టరు కుర్రవాడు, నెమ్మదస్తుడు. ఇది శుక్లం కాదన్నాడు. నీటికాసులు. కంట్లో ఒత్తిడి పెరిగి, నొప్పి తెలియకుండా నరాన్ని తినేసే జబ్బు. కుడికన్ను పోయింది, ఇక ఏం చేసినా చూపు తిరిగిరాదు. ఎడమ కంటిని చుక్కల మందుతో కాపాడుకోవచ్చు, ఒక్క రోజు కూడా మానకూడదు. ఫణికృష్ణ, వేసవిలో వచ్చుంటే అన్నాడు. డాక్టరు కాసేపు కాగితం వైపు చూశాడు.

“అప్పుడు రావాల్సిందండీ,” అన్నాడు.

తిట్టినా బాగుండేది.

అక్కను గిద్దలూరే తీసుకుపోతానన్నాడు, ఆమె కాదనలేదు. చెయ్యి పట్టుకుని ముందు సీట్లో కూర్చోబెట్టాడు, బెల్టు పెట్టాడు. మార్కాపురం దాటాక రోడ్డు పక్క పలకరాళ్ల ముక్కలు కుప్పలు కుప్పలుగా ఎండకు మెరుస్తున్నాయి. తర్లుపాడు వచ్చాక ఇక ఉండబట్టలేకపోయాడు ఫణికృష్ణ.

“ఒక్క ఫోన్ చేసుంటే వచ్చేవాణ్ణి గదక్కా. ఇన్నాళ్లు ఎందుకు ఊరుకున్నావు?”

“చేసినాగదరా.”

“బండి బాగలేదంటే మాత్రం? పార్టు వచ్చేదాకా ఆగాల్నా?”

అక్క సన్నగా నవ్వింది. “రేపోమాపో వస్తాది అంటివి. మన దుకాణంలో ఆ మాటకు అర్థమేందో నాకు తెలీదా నాయనా? నీకు నేర్పింది నేనే గదా.”

ఫణికృష్ణ స్టీరింగు గట్టిగా పట్టుకున్నాడు.

“నీకు చెప్పిన మాట కాదక్కా అది. ఎదురుగా ప్రకాష్ కూర్చునుండె.”

“నాకు తెలీదు గదా, ఎవరు కూర్చున్నారో,” అంది ఆమె. గొంతులో నిష్ఠూరం కూడా లేదు. ఎప్పుడో తేలిపోయిన లెక్కలా చెప్పుకుపోయింది. “తమ్ముడు అలిసిపోయినాడు, నాకు కూడా రాలేనంటున్నాడు అనుకుంటి. ఊరంతా వాడుకుంటాంటే నీకు మాత్రం ఓపిక యాడుంటాది? నేనూ ఇంకో బరువెందుకని ఊరుకుంటి. మీ బావను ఎన్నిసార్లు అడిగినా సంత కానీ, పండగ కానీ అన్నాడు. మొన్న పొయ్యి మీద పాలు పొంగితే కుడిపక్క గిన్నె కనపడక చెయ్యి కాల్చుకున్నా. ఇంక లాభం లేదని బస్సెక్కినా.”

ఆమె చేతి మీద కాలిన మచ్చను అతను అప్పుడు చూశాడు. ఆసుపత్రిలో అంతసేపు ఆ చెయ్యే పట్టుకున్నాడు, చూడలేదు.

చెప్పడానికి అతని దగ్గర చాలా ఉంది. తాళంచెవి సంగతి ఉంది, లైటు సంగతి ఉంది. ఆ అబద్ధం ఊళ్లోవాళ్ల కోసం ఆడానక్కా, వాళ్లు నిజమనుకున్నారు, అది నీదాకా పోయి నీకొక్కదానికే ‘నేను రాను’ అని వినపడింది అని చెప్పాలి. చెప్పి ఏం లాభం? ఆ మాటలు పెట్టి కన్ను కొనుక్కోగలడా? గొంతు దాకా వచ్చినదాన్ని మింగి బండి నడిపాడు.

కంభం దగ్గరపడుతుండగా ఫోన్ మోగింది. బండిలో పాట వచ్చినట్టే ఫోనూ పైకి మోగుతుంది, మాట అందరికీ వినపడుతుంది. ప్రకాష్. పొద్దున సామ్యేలు దగ్గర బండిని ఎవరో చూశారట.

“బావా, పార్టు వచ్చిందంట గదా. మంచిమాట. ఆదివారం శ్రీశైలం పోదామా? మావాళ్లు ఒకటే గోల.”

ఫణికృష్ణ నోరు తెరిచాడు. పాత మాట నాలుక చివరే ఉంది. పక్కన అక్క ముందుకే చూస్తూ కూర్చుంది.

“బండి బాగుంది ప్రకాషూ. నేను రాను. అలిసిపోయినా.”

ఇక బంధుత్వం తెగిందనే అనుకున్నాడు ఫణికృష్ణ. తన తరపు, సింధు పుట్టింటి తరపు అందరి నోళ్లలోనూ పడ్డట్టే అనుకున్నాడు. ప్రకాష్ ఆవలింత వినపడింది.

“అట్లనా. సరేలే బావా, నిమ్మళంగా పడుకో. మేం బస్సులో పోతాం. వచ్చేటప్పుడు ప్రసాదం తెస్తాలే,” అని పెట్టేశాడు.

అంతే. అంతకుమించి ఏమీ జరగలేదు. ఆకాశం విరిగి మీద పడలేదు, ఎవరూ మొహం మాడ్చుకోలేదు. ఇంత తేలికైన మాటను నెలల తరబడి నోట్లో దాచుకున్నందుకు ఒక కన్ను పోయింది. పోయింది తన కన్నయినా కాదు.

బండిని రోడ్డు పక్కకు తీసి ఆపాడు. స్టీరింగు మీద తల ఆనించి ఏడ్చాడు, శబ్దం బయటికి రాకుండా, భుజాలు మాత్రం కదులుతుండగా. ఎడమపక్క అక్క కూర్చునే ఉంది. ఆమెకు తమ్ముడు కుడివైపున ఉన్నాడు. ఆ పక్క ఆమెకు ఇప్పుడేమీ లేదు.

“ఆపినావేందిరా?” అంది రోడ్డునే చూస్తూ. “బండికి మళ్లా ఏమన్నా అయిందా?”

ఇంకొకసారి పిలిచింది. అప్పటికీ పలక్కపోయేసరికి, బెల్టు అడ్డం పడుతున్నా ఒళ్లంతా తిప్పి, మొహాన్ని అటువైపుకు పూర్తిగా తెచ్చి, మిగిలిన కంటితో తమ్ముణ్ణి చూసింది.